ఒకే ఆయాసం, మూడు ఇళ్ళు

రోగిని పరామర్శించడం ఒక ముస్లిముపై మరో ముస్లిముకు గల హక్కు అని మన పిల్లలు మద్రసాలో చిన్ననాటే నేర్చుకుంటారు. దుఆ చేసి, పండ్లు అందించి వచ్చిన తరువాత కూడా ఆ హక్కులో కొంత భాగం మిగిలే ఉంటుంది. ఆ మిగిలిన భాగం ఎంత విలువైనదో ఈ ప్రాంతపు మూడు కుటుంబాల ద్వారా చూశాను.

వనపర్తిలో నా విద్యార్థి తండ్రి యౌవనంలో హైదరాబాదు శివారున ఒక సిమెంటు రేకుల కర్మాగారంలో పనిచేశారు. సంచులు విప్పి ఆస్బెస్టాస్‌ను యంత్రంలో పోయడం ఆయన పని. ఊరికి తిరిగివచ్చి కిరాణా కొట్టు పెట్టుకున్న చాలా ఏళ్ళకు ఆయాసం మొదలయింది. క్షయ అనుకుని మందులు వాడారు. ఇరుగుపొరుగు రాకపోకలు తగ్గించారు. చివరకు నగరంలో ఒక ఛాతీ వైద్యుడు, “పూర్వం మీరు ఏం పని చేసేవారు?” అని అడిగారు. అంతవరకు ఆ ప్రశ్న ఎవరూ వేయలేదు.

ఆస్బెస్టాస్ అంటే రాతినార. కడప జిల్లా పులివెందుల పరిసరాల్లో ఒకప్పుడు దానిని త్రవ్వి తీసేవారు. కంటికి కనిపించని దాని పోగులు శ్వాసతో లోపలికి చేరి ఊపిరితిత్తులను మచ్చలుగా గట్టిపరుస్తాయి. ఆస్బెస్టోసిస్ అనే ఈ వ్యాధి బయటపడడానికి 10 నుండి 40 ఏళ్ళు పట్టవచ్చు. ఊపిరితిత్తుల కేన్సరు కూడా రావచ్చు. పొగత్రాగేవారికి ఆ ప్రమాదం ఎన్నో రెట్లు ఎక్కువ. పని దుస్తులు దులిపి ఉతికిన ఇల్లాలికి సైతం ముప్పు ఉంటుంది. అయితే ఇది అంటువ్యాధి కాదు. ఈ ఒక్క మాట తెలియక ఆ ఇంట్లో గ్లాసు, కంచం వేరు చేశారు.

గద్వాలలోని ఒక మౌల్వీ సాబ్‌కు ఈ విషయం చెప్పినప్పుడు, తమ మొహల్లాలో రేకులు కోసి ఇళ్ళకు కప్పిన ఒక మేస్త్రీకి కూడా అదే వ్యాధి ఉందన్నారు. నాగర్‌కర్నూలులో ఇదే వ్యాధితో భర్తను పోగొట్టుకున్న సోదరి ఒకరు ఉన్నారని ఆయన ద్వారానే తెలిసింది. మూడు ఇళ్ళ స్త్రీలకు ఫోను పరిచయం కల్పించాము.

“ఆపా, రాత్రిళ్ళు పడుకోలేకపోతున్నారా? వీపు వెనుక దిండ్లు పెట్టి కూర్చోబెట్టండి” అన్నది నాగర్‌కర్నూలు సోదరి మొదటి సలహా. కరెంటు పోయినప్పుడు ఆక్సిజన్ యంత్రం ఆగితే ఏం చేయాలో ముందే వైద్యుణ్ణి అడిగి పెట్టుకోమన్నది రెండవది. “పాత కాగితాలు పారేయవద్దు” అన్నది మూడవది. ఆ మాట విని వనపర్తి వారు ట్రంకుపెట్టె వెదికితే పాత ఈఎస్ఐ కార్డు దొరికింది.

ఆ కార్డు విలువ చిన్నది కాదు. అహ్మదాబాదుకు చెందిన ఒక వినియోగదారుల సంస్థ వేసిన వ్యాజ్యంలో 1995 జనవరి 27న సుప్రీంకోర్టు, కార్మికుని ఆరోగ్యం అతని జీవించే హక్కులో భాగమని తీర్పు చెప్పింది. ఆస్బెస్టాస్ కార్మికుల ఆరోగ్య వివరాలను ఉద్యోగంలో చేరినది మొదలు 40 ఏళ్ళు, లేదా పని మానిన తరువాత 15 ఏళ్ళు, ఏది ఆలస్యమైతే అంతవరకు భద్రపరచాలని ఆదేశించింది. ఈఎస్ఐ పరిధిలో లేనివారికి 2025 వరకు 1923 నాటి నష్టపరిహార చట్టం ఉండేది. ఆ చట్టపు వృత్తివ్యాధుల పట్టికలో ఇదీ ఒకటిగా ఉండేది. కాని గద్వాల మేస్త్రీ చేతిలో ఏ కాగితమూ లేదు. పని ఇచ్చినవారి పేర్లు, తోటి పనివారి పేర్లు ఆయన ఇప్పుడు కుమారునిచేత వ్రాయిస్తున్నారు. ఫలితం అల్లాహ్ చేతిలో ఉంది. ఆ ఇంటి ఇల్లాలు మాత్రం ఇప్పుడు ఒంటరిది కాదు.

మీ వీధిలో ఏళ్ళ తరబడి ఆయాసపడే పెద్దాయన ఉంటే, ఈసారి పరామర్శకు వెళ్ళినప్పుడు పూర్వం ఏం పని చేసేవారో అడగండి. జవాబులో రేకుల మాట వినిపిస్తే ఆ సంగతి వైద్యునికి చెప్పమనండి. అటువంటి మరో కుటుంబం మీకు తెలిస్తే, వారి సమ్మతితో ఇద్దరినీ కలపండి.