పంపు పోయిందనే ముందు ట్యాంకు మూత చూడండి

పోస్టు కొంచెం పొడుగే, ఓపిగ్గా చదవండి. మన ఊళ్లలో ఇంకా పాత 407లు, పాత జీపులు తిరుగుతున్నాయి. వాటిలో డీజిల్ సరిగా అందక బండి మొరాయిస్తే ఎక్కడ మొదలుపెట్టి ఎటు వెతకాలో, మా ఇంట్లో జరిగిన ఒక కేసుతో రాస్తున్నా. నేను ఐటీఐలో డీజిల్ మెకానిక్ ట్రేడ్ చేశాను. అంతకుమించి పెద్ద ఎక్స్‌పర్ట్‌ని కాదు.

మా మావయ్యకి పాత టాటా 407 ఉంది. పసుపు, పిప్పళ్లు, చింతపండు, కాఫీ... సీజన్‌ని బట్టి ఏదుంటే అది, చుట్టుపక్కల నాలుగు ఊళ్ల సరుకు ఆ బండి మీదే పోతుంది. బండి తిరిగితే మనవాళ్లు సంతలో ముగ్గురు నలుగురు వ్యాపారుల్ని అడిగి అమ్ముకుంటారు. తిరగకపోతే వ్యాపారే ఊళ్లోకి వస్తాడు. అప్పుడు కాటా ఆయనదే, ధరా ఆయనదే. కాబట్టి ఆ బండి ఆగడమంటే మావయ్య ఒక్కడి నష్టం కాదు.

మొన్న పసుపు సీజన్‌లో బండికి ఒక రోగం పట్టుకుంది. కింద సరుకు దింపి, సిమెంటో బియ్యమో ఎక్కించుకుని, వడ్డాది దాటి పాడేరు ఘాట్ ఎక్కుతుంటే సగంలో పవర్ తగ్గిపోయేది. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినా లాగేది కాదు. రెండు గుక్కలు పెట్టి ఆగిపోయేది. పది పదిహేను నిమిషాలు ఆపి ఉంచితే మళ్లీ స్టార్ట్. కొంచెం దూరం పోయి మళ్లీ అదే తంతు. పల్లంలో, పైన ఊళ్ల మధ్య తిరిగేటప్పుడు మాత్రం ఏ కంప్లయింటూ లేదు.

ఘాట్‌లో ఇంజిన్ ఆగిపోవడాన్ని తేలిగ్గా తీసుకోకండి. ఈ బండ్లకి బ్రేకు వేసేటప్పుడు సాయం చేసే వాక్యూమ్ ఇంజిన్ తిరిగితేనే తయారవుతుంది. ఇంజిన్ ఆగాక ఒకటి రెండు సార్లు తొక్కేసరికి ఆ నిల్వ అయిపోతుంది, పెడల్ రాయిలా గట్టిపడుతుంది. వెనక లోయ, బండి మీద లోడు, లోడు మీద మనుషులు. మన దగ్గర ఎలా ఎక్కుతారో మీకు తెలుసు కదా.

కింద టౌన్‌లో ఒక షెడ్డుకి తీసుకెళ్లారు. ఆయన సౌండ్ విన్నాడు, రెండుసార్లు రేస్ చేశాడు. "పంపు పోయింది, నాజిళ్లు కూడా. దించి కాలిబ్రేషన్‌కి పంపాలి, ముప్పై వేల దాకా అవుద్ది" అన్నాడు. ఒక్క నట్టు విప్పలేదు. మావయ్య దగ్గర ముప్పై వేలు ఎక్కడివి? సంతలో ఒక వ్యాపారి దగ్గర అడ్వాన్సు తీసుకుందామనుకున్నాడు. అంటే ఆ ఏడాది పసుపు ఆయనకే తోలాలి, ఆయన చెప్పిన రేటుకే. నాకు ఫోన్ చేసింది అప్పుడే.

ముందు డీజిల్ ఎలా నడుస్తుందో చెప్తాను, తర్వాత మిగతాది అర్థమవుద్ది. ట్యాంకులో నుంచి పైపు ద్వారా డీజిల్‌ని లాగేది ఫీడ్ పంపు. దాని మీదే చేత్తో కొట్టే హ్యాండ్ ప్రైమర్ ఉంటుంది. అక్కడి నుంచి ఫిల్టర్లకి, ఫిల్టర్ల నుంచి పెద్ద పంపుకి. మన డ్రైవర్లు మైకో పంపు అంటారే, అదే. (మైకో అన్నది 1951లో బెంగళూరులో మొదలైన కంపెనీ పేరు. 2008లో బాష్ లిమిటెడ్ అయింది గానీ మనవాళ్ల నోట్లో ఇంకా మైకోనే.) ఆ పంపు ఒక్కో సిలిండర్‌కి లెక్క ప్రకారం డీజిల్‌ని స్టీలు పైపుల్లో నాజిళ్లకి కొడుతుంది. ఇలాంటి ఇంజిన్లలో నాజిల్ తెరుచుకోవాలంటే సుమారు 200 బార్ ప్రెషర్ కావాలి. కారు టైరులో గాలి 2 బార్ పైచిలుకు, పోల్చుకోండి. అంత ప్రెషర్ నిలవాలంటే పంపులో ప్లంజర్‌కీ బ్యారెల్‌కీ మధ్య సందు రెండు మూడు మైక్రాన్లే ఉండాలి. మన తల వెంట్రుక మందం డెబ్బై మైక్రాన్లు వేసుకున్నా, అందులో ఇరవయ్యో వంతు కన్నా తక్కువ.

అందుకే ఆ పంపు ఖరీదు, అందుకే దాన్ని దించడం ఆఖరి పని. ట్యాంకు నుంచి ఫీడ్ పంపు దాకా మాత్రం రబ్బరు పైపులు, క్లిప్పులు, జల్లెడ, మూత, అన్నీ వందల్లో పని. కానీ అక్కడ చెడినా లక్షణాలు అచ్చం పెద్ద పంపు పోయినట్టే కనిపిస్తాయి. పవర్ లేదు, గుక్కలు పెడుతుంది, ఆగిపోతుంది. ఇంజిన్‌కి తెలిసింది ఒక్కటే, డీజిల్ అందుతోందా లేదా అని. ఎక్కడ ఆగిందో అది చెప్పదు, మనమే ట్యాంకు వైపు నుంచి ఒక్కో మెట్టూ చూసుకుంటూ రావాలి.

నేను మావయ్యని ఫోన్‌లోనే అడిగాను. "పొగ ఏ రంగు వస్తంది మావయ్యా?" "ఆగిపోయే ముందు పొగే రాదురా." ఇది పెద్ద గుర్తు. నాజిల్ కారుతుంటేనో, ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోతేనో నల్ల పొగ రావాలి. డీజిల్ వెళ్లి కాలకపోతే తెల్ల పొగ రావాలి. అసలు పొగే లేదంటే డీజిల్ లోపలికి పోవట్లేదు. రెండో మాట ఆయనే అన్నాడు. "చిత్రం ఏటంటే, ట్యాంకు నిండుగా ఉన్నప్పుడే ఎక్కువ ఆగిపోతంది. తక్కువ ఉన్నప్పుడు బాగానే ఎక్కుద్ది." ట్యాంకులో డీజిల్ తక్కువై ఏటవాలులో ఒక పక్కకి పోయి, పైపు గాలి పీల్చి ఆగిపోవడం మామూలే. ఇక్కడ దానికి తిరగబడి ఉంది. షెడ్డులో ఈ మాట ఎవరూ అడగలేదంట.

తర్వాతి ట్రిప్పుకి నేను కూడా వెళ్లాను. కింద ట్యాంకు నింపించి ఎక్కడం మొదలుపెట్టాం. మూడో నాలుగో మలుపు దాటాక ఎప్పట్లాగే ఆగింది. క్లీనర్ తమ్ముడు ముందు చక్రాల వెనక రాళ్లు పెట్టాడు. ఈ పని చేయకుండా ఎవరూ బండి కిందకి దూరకండి. ఫిల్టర్ మీద ఎయిర్ తీసే స్క్రూ కొంచెం వదులు చేసి ప్రైమర్ కొట్టాను. బుడగలు లేవు, కానీ డీజిల్ కూడా రావట్లేదు. ప్రైమర్ నాబ్ పైకి లాగుతుంటే అవతల ఎవరో పట్టుకుని వెనక్కి గుంజుతున్నట్టు ఉంది. గాలి దూరుతుంటే నాబ్ తేలిగ్గా ఆడుతుంది, నురగ వస్తుంది. బిగిసిపోయిందంటే వెనక దారి మూసుకుపోయినట్టు.

ట్యాంకు దగ్గరికి వెళ్లి చూశాను. మూత లేదు. ఎప్పుడో పోయిందంట. దాని బదులు మందమైన పాలిథిన్ కవరు రెండు మడతలు వేసి, పాత ట్యూబు ముక్కతో బిగించి కట్టారు. వానకి నీళ్లు పోకుండా చాలా జాగ్రత్తగా కట్టారు, అదే కొంప ముంచింది. ఆ కవరు ముసలాయన దవడల్లా లోపలికి పీక్కుపోయి ఉంది. ట్యూబు విప్పగానే ఉస్సుమని గాలి లోపలికి పోయింది. ప్రైమర్ తేలికైంది, ఎయిర్ స్క్రూ దగ్గర డీజిల్ చిమ్మింది. సెల్ఫ్ కొట్టగానే బండి అందుకుంది.

సైన్స్ చదివే తమ్ముళ్లూ చెల్లెళ్లూ, ఇది మీ బాయిల్ నియమమే. ట్యాంకు 60 లీటర్లు అనుకోండి. 55 నింపితే పైన గాలి 5 లీటర్లు. ఘాట్‌లో ఇంజిన్ 2 లీటర్లు తాగేసరికి ఆ గాలి 7 లీటర్ల చోటుకి సాగాలి. బయట నుంచి గాలి పోకపోతే ప్రెషర్ దాదాపు 29 శాతం పడిపోతుంది. అంత ఎదురు లాగుడుని చిన్న ఫీడ్ పంపు తట్టుకోలేదు. అదే ట్యాంకులో 20 లీటర్లే ఉంటే పైన గాలి 40 లీటర్లు. 2 లీటర్లు తాగితే 42 అవుతుంది, ప్రెషర్ 5 శాతం కూడా పడదు. నిండుగా ఉన్నప్పుడే ఎందుకు ఆగేదో, పదిహేను నిమిషాలకి మళ్లీ ఎందుకు లేచేదో ఇందులోనే ఉంది. ఆగి ఉన్నంతసేపూ కట్టు సందుల్లోంచి గాలి మెల్లగా దూరేది. పల్లంలో డీజిల్ తక్కువ తాగుతుంది కాబట్టి ఆ కొంచెం గాలే సరిపోయేది. అసలు మూతకి గాలి పోయే చిన్న దారి ఉంటుంది, కంపెనీ ఊరికే పెట్టలేదు.

మర్నాడు ట్యాంకులో డీజిల్ పైపు చివర జల్లెడ కూడా తీశాం. బురద, తుప్పు, ఒక ఆకు ముక్క. ట్యాంకు కడిగి, జల్లెడ కడిగి, కొత్త మూత పెట్టాం. మొత్తం ఖర్చు వెయ్యి లోపే, అందులో సగం ఫిల్టర్లకే. అడ్వాన్సు తీసుకోలేదు.

అందరి బండికీ మూతే కారణం కాదు. ఎక్కువగా కనిపించేది ఎయిర్ పట్టడమే. దీంట్లో ఒక మోసం ఉంది. ట్యాంకుకీ ఫీడ్ పంపుకీ మధ్య పైపు చిట్లితే, బండి నడిచేటప్పుడు అక్కడ డీజిల్ బయటికి కారదు, గాలి లోపలికి పోతుంది. కాబట్టి పైపు పొడిగా ఉంది, బాగుంది అనుకోవద్దు. పరీక్ష ఇది. ట్యాంకు నుంచి వచ్చే పైపు ఫీడ్ పంపు దగ్గర విప్పి, అక్కడ ఒక కొత్త రబ్బరు పైపు తగిలించి, రెండో కొస శుభ్రమైన డీజిల్ క్యానులో ముంచండి. ఎయిర్ తీసి స్టార్ట్ చేయండి. రోగం పోతే తప్పు ట్యాంకు వైపే, పెద్ద పంపు జోలికి పోనక్కర్లేదు. పోకపోతే ముందుకి వెళ్లండి. బండి నిలిపి ఉన్నప్పుడే చేయండి. కొందరు క్యాను క్యాబిన్ మీద కట్టి అలాగే రోజుల తరబడి నడుపుతారు. ఎండకి పైపు ఊడి వేడి ఇంజిన్ మీద పడిందంటే బండి తగలబడుద్ది.

ఫిల్టర్ దగ్గర బోల్టుల కింద రాగి వాషర్లు ఉంటాయి. పాతవి గట్టిపడి గాలి వదులుతాయి. కొత్తవి దొరకని చోట పాత వాషర్‌ని ఎర్రగా కాల్చి నీళ్లలో వేస్తే మెత్తబడుతుంది, మళ్లీ కూర్చుంటుంది. ఇది పుస్తకం లేని డ్రైవర్లకి కూడా తెలుసు.

వానాకాలం డీజిల్‌లో నీళ్లు. డ్రమ్ములో, సీసాల్లో అమ్మే డీజిల్ పోయించుకుంటే ఇంకా ఎక్కువ. నీళ్లు అడుగున చేరతాయి కాబట్టి రాత్రంతా బండి నిలిపాక పొద్దున్నే స్టార్ట్ చేయకముందు ఫిల్టర్ కింద బోల్టు వదులు చేసి గాజు గ్లాసులో పట్టి చూడండి. కిందన వేరే పొర కనిపిస్తే అదే. కిరసనాయిలు కలిపింది అంతకన్నా చెడ్డది. ఆ సన్నని సందుల్లో ప్లంజర్లకి జిడ్డు అందించేది డీజిలే. కిరసనాయిలుకి ఆ జిడ్డు లేదు, పంపు నిజంగానే అరిగిపోతుంది. చింతపల్లి, లంబసింగి వైపు వాళ్లకి డిసెంబరు, జనవరి తెల్లవారుజామున ఇంకోటి. చలికి డీజిల్‌లో మైనం గడ్డకట్టి ఫిల్టర్‌కి పడుతుంది. ఎండ పడేదాకా ఆగండి, లేదా ఫిల్టర్ మీద గోరువెచ్చని నీళ్ల గుడ్డ వేయండి. ట్యాంకు కింద మంట మాత్రం పెట్టకండి. కొందరు పెడతారు, చూశాను.

నాజిల్ అనుమానం ఉంటే, ఐడ్లింగ్‌లో ఒక్కో స్టీలు పైపు నట్టు కొంచెం వదులు చేసి సౌండ్ వినండి. వదులు చేయగానే ఇంజిన్ తడబడితే ఆ సిలిండర్ బాగుంది. తేడా రాకపోతే రోగం అక్కడ. నట్టు మీద గుడ్డ కప్పి, మొహం దూరంగా పెట్టి చేయాలి. స్ప్రే వస్తోందా అని చెయ్యి అడ్డం పెట్టి చూడొద్దు. ఆ ప్రెషర్‌కి డీజిల్ చర్మంలోంచి లోపలికి దిగుతుంది. పైకి సూది గుచ్చినంతే కనిపిస్తుంది, లోపల కండ కుళ్లి వేలు తీసేసే దాకా వెళ్తుంది. అలా జరిగితే నొప్పి లేకపోయినా వెంటనే పెద్దాసుపత్రికే.

ఇవన్నీ చూశాక కూడా పంపే అని తేలితే, అప్పుడు దించక తప్పదు. నిజంగా పోయే పంపులూ ఉన్నాయి. షెడ్డు వాళ్లంతా మోసగాళ్లని నేను అనట్లేదు, తొందరలో చెప్పేవాళ్లే ఎక్కువ. దించే ముందు టైమింగ్ మార్కులు ఫోన్‌లో ఫోటో తీసుకోండి. టెస్ట్ బెంచ్ మీద పెట్టినప్పుడు దగ్గర నిలబడి, ఒక్కో సిలిండర్‌కి ఎంత డీజిల్ వస్తోందో కొలత గాజుల్లో చూపించమనండి, విప్పక ముందు ఒకసారి, కట్టాక ఒకసారి. బిల్లు అడగండి. మార్చిన ప్లంజర్లు, నాజిళ్లు సంచిలో కట్టి ఇమ్మనండి. మావయ్యా, బాబాయి అడగడానికి మొహమాటపడతారు, కాబట్టి సెలవులకి ఇంటికెళ్లినప్పుడు మీరు వాళ్లతో వెళ్లండి.