షిబుయాలో హచికో

టోక్యోలో చూడాలంటే మేడలకేం, కావలసినన్ని. మా పిల్లలు మాత్రం షిబుయా స్టేషను ముందున్న కంచు కుక్కను వదిలి కదల్లేదు. హచికో దాని పేరు. యజమాని ఉయెనో ప్రొఫెసరుగారు 1925 మేలో ఉద్యోగానికని వెళ్ళి, అక్కడే హఠాత్తుగా పోయారు. ఆ కబురు కుక్కకెవరు చెబుతారు? 1935 మార్చిలో తాను పోయేదాకా ఆ స్టేషనుకు వచ్చి ఎదురుచూస్తూనే ఉంది. మొదట్లో కసిరికొట్టినవాళ్ళే, పత్రికలో పడ్డాక ముద్దుచేశారు. లోకం తీరంతే లెండి! 1934లో పెట్టిన విగ్రహాన్ని యుద్ధకాలంలో కరిగించేశారు. ఇప్పుడున్నది 1948 నాటిది.

మా టామీని సాగనంపి అప్పటికి పదిహేను రోజులు. పధ్నాలుగేళ్ళ ప్రాణి, చూపు పోయింది, వెనక కాళ్ళు పడిపోయాయి. డాక్టరుగారు చివరి ఇంజక్షను ఇచ్చినప్పుడు తల మా ఆవిడ ఒడిలోనే ఉంది.

"టామీ కూడా ఇలాగే మనకోసం చూస్తోందా అమ్మా?" అంది మా చిన్నది.

"లేదమ్మా. మనమంతా దగ్గరే ఉన్నాంగా!"

మర్నాడు టోక్యో విశ్వవిద్యాలయానికి వెళ్ళాం. అక్కడి వ్యవసాయ విభాగంలో 2015లో మరో విగ్రహం పెట్టారు. ప్రొఫెసరుగారు తిరిగొచ్చారు; కుక్క ఎగిరి ఆయన మీద కాళ్ళు వేసింది.

"వచ్చేశారుగా!" అని చప్పట్లు కొట్టింది చిన్నది. మా ఆవిడ కొంగుతో కళ్ళొత్తుకుంది. ఆ సాయంత్రం బజారు ప్రయాణం మానుకున్నాం.