టీనగర్ చీరలే కాదండోయ్!

మద్రాసు (అదే, ఇప్పటి చెన్నై) అంటే మనకి టీనగర్ చీరలూ, మెరీనా బీచూ గుర్తొస్తాయి కదండీ! 1995 వేసవిలో అక్కడి మా ఆడపడుచు ఇంటికెళ్ళినప్పుడు నాకు నచ్చింది మాత్రం వాళ్ళ వీధే. అంతకుముందు మలుపులో చెత్తకుండీ, చుట్టూ ఆవులూ. ముక్కు మూసుకోకుండా దాటలేకపోయేవాళ్ళం. ఈసారి కుండీయే లేదు!

పొద్దున్నే ఈల వినిపించింది. మూడు చక్రాల బండి వచ్చింది. కూరగాయల తొక్కలు ఒక అరలో, కాగితాలూ ప్లాస్టిక్కూ ఇంకో అరలో. బండి అబ్బాయిని 'చెత్తవాడు' అనకూడదుట, 'స్ట్రీట్ బ్యూటిఫయర్' అనాలిట! ఎమ్.బి. నిర్మల్ అనే బ్యాంకు ఉద్యోగి 1989లో ఆ ఊళ్ళో మొదలెట్టిన ఎక్స్‌నోరా పద్ధతి ఇది. వీధివాళ్ళే సంఘంగా ఏర్పడి, ఇంటికింతని వేసుకుని, ఆ అబ్బాయికి జీతమిచ్చేవారు.

"చెత్త ఎత్తించడం తేలికే వదినా! పక్కింటావిణ్ణి పది రూపాయలు అడగడమే కష్టం" అంది మా ఆడపడుచు. "పన్ను కడుతున్నాంగా, మళ్ళీ ఇదేమిటి?" అని కొందరు మూడు నెలలు తిప్పారుట. అయినా వాళ్ళింటి చెత్తా ఎత్తించిందిట. నాలుగో నెల వాళ్ళే పిలిచి ఇచ్చారుట.

ఊరొచ్చాక నేనూ నోటుబుక్కు పట్టుకుని బయల్దేరాను. మొదటి రెండిళ్ళలో మంచినీళ్ళిచ్చి పంపేశారు. మూడో ఇంటావిడతో నాకు ఏడాదిగా మాటల్లేవు. మా గోడవార చెత్త పోస్తోందని గొడవ. గుమ్మంలోనే నిలబడి అంతా విని, లోపలికెళ్ళి పది రూపాయల నోటు తెచ్చింది.

"నా పేరే ముందు రాయండి" అంది.