నోట్‌బుక్‌లో లేని గోల్

మావాడి హాకీ లెక్కలకి నా దగ్గర ఒక నోట్‌బుక్ ఉండేది. ఎడ్మంటన్ వచ్చి స్థిరపడ్డాక మాకూ ఈ ఐస్ హాకీ పిచ్చి పట్టింది లెండి. మొదటి పేజీ నాకిప్పటికీ కంఠతా వచ్చు: 11 గోల్స్, 14 అసిస్టులు. ఆదివారం గుంటూరుకి ఫోన్ చేసినప్పుడు మా మావగారికి అదే చదివి వినిపించేవాణ్ణి.

తెలియనివాళ్ల కోసం ఒక ముక్క. ఈ ఆటలో ముగ్గురు ఫార్వర్డ్‌లు కలిసి దిగుతారు. మధ్యలో సెంటర్, చెరోపక్కా ఒక వింగర్. దాన్నే లైన్ అంటారు. ముప్పావు నిమిషం ప్రాణం పెట్టి ఆడి బెంచీకి వచ్చేస్తే ఇంకో ముగ్గురు దిగుతారు. గోల్ కొట్టినవాడికే కాదు, అంతకుముందు పక్ అందించిన ఇద్దరి దాకా అసిస్ట్ రాస్తారు.

మావాడి సెంటర్ ఒక పొడుగు కుర్రాడు. తల తిప్పకుండానే పాస్ ఇచ్చేవాడు. వాళ్ల నాన్నకి ఉద్యోగం మారి కాల్గరీ వెళ్లిపోయారు. ఆ ఏడు సంక్రాంతి దాకా నా నోట్‌బుక్‌లో మూడే గోల్స్.

ఒక రాత్రి కారులో అనేశాను, "పోయినేడు ఆడిందెవరురా, నువ్వా, వాడా?" అని. పిల్లాడు జవాబు చెప్పలేదు. హెల్మెట్ ఒళ్లో పెట్టుకుని కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు. వాడికి పన్నెండేళ్లు. ఇంటికొచ్చాక మా ఆవిడ "ఏమన్నారండీ వాణ్ణి?" అంది. చెప్పాను. అన్నం వడ్డించింది గానీ మాట్లాడలేదు.

నిజానికి ఆ ప్రశ్న దగ్గర పెద్ద పెద్ద జట్లే బోల్తా పడ్డాయి. 1984-85లో పిట్స్‌బర్గ్ జట్టులో వారెన్ యంగ్ 40 గోల్స్ కొట్టాడు. పక్కన ఉన్నది మారియో లెమ్యూ. ఆ లెక్క చూసి డెట్రాయిట్ వాళ్లు యంగ్‌ని తీసుకున్నారు. లెమ్యూ రాలేదుగా! తర్వాతి సీజన్లో 22.

మా ఊరి జాక్ హైమన్ కథ ఇంకోరకం. టొరంటోలో ఏ సీజన్లోనూ 21 గోల్స్ దాటలేదు. 2021లో ఇక్కడికొచ్చి మెక్‌డేవిడ్ పక్కన చేరాడు. 2023-24లో 54! "మెక్‌డేవిడ్ పక్కనుంటే ఎవడైనా కొడతాడు" అని ఆఫీసులో అంటే నేనూ తలూపాను. కానీ ఆ పక్కన చాలామందిని పెట్టి చూశారు, అందరికీ అలా కుదరలేదు. హైమన్ గోల్ ముందు నిలబడి తోపులాట భరిస్తాడు. మూలల్లో గోడకి అతుక్కున్న పక్‌ని పెళ్లగించి తెస్తాడు. అలా తెచ్చిపెట్టేవాడు మెక్‌డేవిడ్‌కి మాత్రం అక్కర్లేదా?

ఆ శనివారం పొద్దున్న ఆరున్నర ఆటకి నోట్‌బుక్ కారులోనే వదిలేశాను. పక్‌ని కాకుండా మావాణ్ణే చూశాను. మూలలో ఇద్దరు వాణ్ణి గోడకేసి అదిమేశారు. స్కేటుతో పక్‌ని ఎలాగో బయటికి తన్నాడు. అది ఒకడికి, వాడినుంచి ఇంకొకడికి, అక్కణ్ణుంచి మూడోవాడికి. గోల్! రెండు అసిస్టులూ మధ్యవాళ్లిద్దరికీ వెళ్లాయి. మావాడి పేరు ఎక్కడా లేదు. వాడు మాత్రం రెండు చేతులూ ఎత్తి, కొట్టినవాడి మీదికి దూకాడు.

తిరిగొచ్చేటప్పుడు సారీ చెబుదామనుకున్నాను. నోరు రాలేదు.

మర్నాడు ఫోన్లో మావగారు అడిగారు, "ఈ వారం ఎన్ని?"

"గోల్స్ లేవు మావయ్యగారూ. కానీ ఒకటి చెప్తాను వినండి..." అని ఆ మూల సంగతి మొదలుపెట్టాను. గోడ, స్కేటు, ముగ్గురి చేతులు మారడం, చాలాసేపే పట్టింది.

పక్కగదిలో టీవీ సౌండ్ తగ్గింది.