సైకిలూ, కావిడీ

సైకిలంటే మనకి పాలవాడో, పోస్టుమానో గుర్తొస్తారు. వియత్నాం వాళ్ళకి స్వాతంత్ర్యం గుర్తొచ్చినా ఆశ్చర్యం లేదు. 1945 సెప్టెంబరు 2న హనోయ్‌లో హోచిమిన్, అమెరికా స్వాతంత్ర్య ప్రకటనలోని మాటలతోనే తన ప్రకటన మొదలుపెట్టాడు. ఆ అమెరికాయే, కమ్యూనిజం పాకిపోతుందన్న భయంతో, 1954 నాటికి ఫ్రెంచివారి యుద్ధం ఖర్చులో ముప్పాతిక వంతు భరించింది! వాళ్ళకి విమానాలు, వీళ్ళకి సైకిళ్ళు. ఒక్కో సైకిలుకి రెండు వందల కిలోల దాకా బియ్యం కట్టి, కొండదారుల్లో తోసుకుంటూ దియెన్ బియెన్ ఫూ చేర్చారు. ఆడవాళ్ళు కావిళ్ళు మోశారు. మే 7న ఫ్రెంచి స్థావరం పడిపోయింది. అయినా దేశం రెండు ముక్కలైంది. 1956లో జరగాల్సిన ఎన్నికలు జరగనే లేదు. అమెరికా సైన్యమే దిగింది. 1975 దాకా నెత్తురు ఆరలేదు. చరిత్రలో సేనాపతుల పేర్లుంటాయి. బియ్యం మోసినవాళ్ళ పేర్లా? వంటింటి లెక్కలు ఎవరు రాస్తారు లెండి!