మందుల కవరు చూపించండి

క్షయ రోగి ఇంటికి వెళ్లగానే నేను అడిగేది మందుల కవరు. దగ్గెలా ఉంది, జ్వరం తగ్గిందా అన్న ప్రశ్నలు ఆ తర్వాతే. కవరు తెచ్చి మంచం మీద కుమ్మరిస్తారు. మేమిచ్చిన టీబీ మాత్రల స్ట్రిప్పులు, గ్యాస్ మాత్రలు, సగం వాడిన దగ్గు మందు సీసా, అడుగున రబ్బరు బ్యాండు చుట్టిన షుగరు మాత్రలు. అడిగితే తప్ప ఈ ఆఖరివాటి సంగతి ఎవరూ చెప్పరు. "అవి వేరే బాబూ, షుగరువి. టీబీకి సంబంధం లేదు" అంటారు.

నేను గోదావరి డెల్టాలో ఒక టీబీ యూనిట్‌కి సీనియర్ ట్రీట్‌మెంట్ సూపర్‌వైజర్‌ని. శాఖలో ఎస్టీఎస్ అంటారు, ఊళ్లలో "టీబీ సారు" అంటారు. రోగి వివరాలు నిక్షయ్ పోర్టల్‌లో ఎక్కించడం, ఇంటికెళ్లి చూడడం, మందులు మధ్యలో మానకుండా చూసుకోవడం, ఇంట్లో మిగతావాళ్లకు పరీక్షలు చేయించడం నా పని. నేను చేరాక ఈ కార్యక్రమంలో చాలా మారాయి. వారానికి మూడుసార్లు వేసుకునే మందులు పోయి 2017 నుంచి రోజూ వేసుకునేవి వచ్చాయి, 2020లో కార్యక్రమం పేరే మారింది. అయినా నా పని తీరును అన్నిటికంటే ఎక్కువ మార్చింది షుగరే.

వెనకటి రోజుల్లో క్షయ అంటే మా కళ్లకు కట్టే మనిషి వేరు. ఎముకల గూడులా ఉన్న రైస్ మిల్లు కూలీ, రిక్షా తొక్కేవాడు, పొగా మందూ అలవాటున్నవాడు. వాళ్లు ఇప్పటికీ ఉన్నారు. మన దేశంలో క్షయకు పెద్ద కారణం ఇప్పటికీ తిండి చాలకపోవడమే. కానీ ఇప్పుడు కిరాణా కొట్టు యజమాని వస్తున్నాడు, రిటైరైన మేష్టారు వస్తున్నారు. కళ్లె పరీక్షలో టీబీ అని తేలితే నమ్మరు. "మాకు టీబీ ఏంటండీ, మా ఇంట్లో ఏం తక్కువైందని?" అని ఒకావిడ నన్ను గుమ్మంలోనే నిలదీసింది. ఆమె భర్తకు పదేళ్లుగా షుగరు. ఏనాడూ అదుపులో లేదు.

క్షయ సూక్ష్మజీవి మన దేశంలో కోట్ల మంది ఒంట్లో నివురుగప్పిన నిప్పులా ఉంటుంది. 2019-21లో జరిగిన జాతీయ సర్వేలో 15 ఏళ్లు దాటినవాళ్లలో నూటికి 31 మందికి ఈ ఇన్ఫెక్షన్ ఉన్నట్టు తేలింది. వాళ్లలో చాలామందికి అది జీవితాంతం జబ్బుగా మారదు. ఊపిరితిత్తుల్లో కాపలా ఉండే కణాలు దాన్ని చుట్టుముట్టి కదలనివ్వవు. రక్తంలో చక్కెర ఏళ్ల తరబడి ఎక్కువగా ఉంటే ఆ కణాలకు చురుకు తగ్గుతుంది. అందుకే షుగరు ఉన్నవాళ్లకు క్షయ వచ్చే అవకాశం రెండు మూడు రెట్లు ఎక్కువ. హాంకాంగ్‌లో 42 వేలమందికి పైగా వృద్ధులను గమనిస్తే, మూడు నెలల షుగరు సగటు చూపే హెచ్‌బీఏ1సీ 7 లేదా అంతకంటే ఎక్కువ ఉన్నవాళ్లకే ఈ ముప్పు మూడింతలైంది. 7 కంటే తక్కువ ఉన్నవాళ్లలో ముప్పు పెరిగినట్టు కనబడలేదు. ఈ మాట నేను ప్రతి ఊళ్లో చెబుతాను. షుగరు ఉందని బెంబేలు పడక్కర్లేదు, దాన్ని వదిలేస్తేనే ఇబ్బంది.

ఇదేమీ కొత్తగా కనిపెట్టింది కాదు. 1922లో మనిషికి తొలిసారి ఇన్సులిన్ ఇచ్చేదాకా షుగరు ఉన్నవాళ్లు క్షయతో పోవడం డాక్టర్లు తరచూ చూసేవారు. ఆ తర్వాత చాలాకాలం ఎవరూ పట్టించుకోలేదు. 2011లో ప్రపంచ ఆరోగ్య సంస్థ రెండింటికీ కలిపి మార్గదర్శకాలు ఇచ్చింది. మరుసటి ఏడాది మన దేశంలో ప్రయోగాత్మకంగా క్షయ రోగులకు షుగరు పరీక్ష చేస్తే నూటికి 13 మందికి ఉంది. కేరళలో జరిగిన ఒక అధ్యయనంలోనైతే నూటికి 44 మందికి. ఇప్పుడు పేరు నమోదు కాగానే ప్రతి క్షయ రోగికీ షుగరు చూస్తున్నాం. తనకు షుగరుందని మొదటిసారి మా దగ్గరే తెలుసుకునేవాళ్లూ ఉన్నారు. ఆ అంకెను అక్కడితో ఖాయం చేయకూడదు. జబ్బు తీవ్రతకే కొందరికి షుగరు పెరిగి, మందులు పడ్డాక దిగుతుంది. వాళ్లకు మళ్లీ పరీక్ష చేయాలి.

క్షయవాళ్లకు షుగరు చూడడం ఇలా బాగానే సాగుతోంది. షుగరువాళ్లకు క్షయ ఉందేమో చూడడం మాత్రం ఇంకా అలవాటు కాలేదు. 2023లో వచ్చిన ఐసీఎంఆర్ లెక్క ప్రకారం దేశంలో షుగరు ఉన్నవాళ్లు 10 కోట్ల పైమాటే. మాత్రల కోసం వాళ్లు నెలనెలా లైన్లో నిలబడతారు. వేలికి సూది గుచ్చి అంకె చూస్తారు, బీపీ చూస్తారు, మాత్రలిస్తారు. "దగ్గుందా, రాత్రిళ్లు చెమటలు పడుతున్నాయా, బరువు తగ్గారా, సాయంత్రాలు ఒళ్లు వెచ్చబడుతోందా" అని నాలుగు ప్రశ్నలు అడగడానికి నిమిషం చాలు. అడిగే ఏఎన్ఎంలు ఉన్నారు, వాళ్లు పంపిన కేసులు మాకు తొందరగా దొరికాయి. కానీ లైను పొడుగ్గా ఉన్న రోజున ముందు ఎగిరిపోయేది ఆ నిమిషమే.

లక్షణాలు కూడా తికమక పెడతాయి. షుగరు ఎక్కువైనా మనిషి చిక్కిపోతాడు, నీరసపడతాడు. మా కిరాణా కొట్టాయన ఐదారు కిలోలు తగ్గితే ఇంట్లోవాళ్లు "షుగరు లాగేస్తోంది" అనుకున్నారు. ఒకచోట ఎక్స్‌రే తీస్తే మచ్చ ఊపిరితిత్తి కింది భాగంలో కనబడింది. మామూలుగా క్షయ పై భాగాన్ని పట్టుకుంటుంది. షుగరు ఉన్నవాళ్లలో అది కింద కనబడడం కద్దు. అందుకని న్యుమోనియా అనుకుని యాంటీబయాటిక్ ఇచ్చారు. ఆ స్ట్రిప్పు ఇంకా కవర్లోనే ఉంది, లీవోఫ్లాక్సాసిన్. ఆ మందు క్షయ మీద కూడా కొంత పనిచేస్తుంది. నాలుగు రోజులు జ్వరం తగ్గినట్టే తగ్గి మళ్లీ వచ్చింది. తెల్లవారుజామున తీసిన కళ్లెను ట్రూనాట్ మిషన్‌లో పెట్టాకే విషయం బయటపడింది. ఈలోగా ఆయన అదే కొట్లో కూచుని అదే దగ్గు దగ్గుతూ బేరం చేశాడు.

అందుకే 2024 డిసెంబరులో 347 జిల్లాల్లో మొదలైన వంద రోజుల కార్యక్రమంలో షుగరు ఉన్నవాళ్లను ముప్పున్నవాళ్ల జాబితాలో చేర్చడం నాకు సంతోషం కలిగించింది. జాతీయ సర్వేలో దొరికిన కేసుల్లో నూటికి 42కు పైగా ఎక్స్‌రే తీయకపోతే బయటపడేవి కావు. దగ్గు లేకుండానే ఛాతీలో మచ్చ ఉన్నవాళ్లు అంతమంది. షుగరువాళ్లు ఏటా కళ్లు చూపించుకోవాలి, పాదాలు చూపించుకోవాలి అంటాం కదా. ఛాతీ ఎక్స్‌రే కూడా ఆ వరుసలో ఉండాలని నా గట్టి అభిప్రాయం.

మందులు మొదలయ్యాక అసలు కష్టం తిండి దగ్గర వస్తుంది. క్షయకు బాగా తినమంటాం. షుగరుకు తగ్గించి తినమంటారు. ఈ రెండు మాటల మధ్య రోగి నలిగిపోతాడు. పోషణ కోసం ప్రభుత్వం 2018 నుంచి నెలకు 500 రూపాయలు, 2024 నవంబరు నుంచి 1000 రూపాయలు బ్యాంకు ఖాతాలో వేస్తోంది. ఒక ఇంట్లో ఆ డబ్బుతో గ్లూకోజు పొడి, అరటిపళ్లు కొన్నారు. నీరసంగా ఉన్న మనిషికి బలమని ప్రేమతోనే కొన్నారు. ఆ వారం ఆయన షుగరు 400 దాటింది. ఇంకో ఊళ్లో బట్టలు కుట్టుకునే అక్క దీనికి పూర్తిగా తిరగేసి చేసింది. షుగరు భయంతో అన్నం మానేసి పూటకో చపాతీతో సరిపెట్టుకుంది. అంకె బాగుంది, బరువు మాత్రం 44 కిలోల నుంచి 41కి జారింది.

ఆమె ఇంట్లో వంటగది గడపలో కూచుని డబ్బాలు ఒక్కొక్కటే తీయించాను. పెసలు ఉన్నాయి, వేరుశెనగ పప్పు ఉంది, రెండు కోళ్లు ఉన్నాయి, చెరువు చేపలు చవక. "అన్నం మానకు అక్కా, గిన్నె కొలత పెట్టుకో. గిన్నెడు అన్నానికి గిన్నెడు పప్పు, రోజూ గుడ్డు, దొరికిన రోజు చేప. మొలకెత్తిన పెసలు పొద్దున్నే" అన్నాను. "గుడ్డు వేడి కదా తమ్ముడూ, ఈ మాత్రలే వేడి" అంది. వేడి మాట నేను కొట్టిపారేయను. కొట్టిపారేస్తే మనం వెళ్లాక గుడ్డు మానేస్తారు. మజ్జిగ తాగు, గుడ్డు తిను అన్నాను. రెండు నెలలకు బరువు మళ్లీ 44 దాటింది.

మందుల కవరు అడగడానికి అన్నిటికంటే పెద్ద కారణం రిఫాంపిసిన్. క్షయ మాత్రల్లో ముఖ్యమైనది ఇదే, మూత్రాన్ని నారింజ రంగుకు తిప్పేది కూడా ఇదే. ఇది కాలేయాన్ని వేగంగా పనిచేయిస్తుంది. ఆ వేగానికి గ్లిమిపిరైడ్ లాంటి షుగరు మాత్రలు ఒంట్లో నిలవకుండా కరిగిపోతాయి. అంతవరకూ అదుపులో ఉన్న షుగరు రెండు మూడు వారాల్లో ఎక్కుతుంది. రోగికి కనబడేది ఒకటే: టీబీ మాత్రలు మొదలెట్టాక షుగరు పెరిగింది. దాంతో టీబీ మాత్రలు మానేస్తాడు. మధ్యలో మానేస్తే జబ్బు మొండికేస్తుంది. పైగా షుగరు ఉన్నవాళ్లు క్షయ చికిత్సలో ఉండగా చనిపోయే ముప్పు, లేనివాళ్లకంటే దాదాపు రెండింతలు. కాబట్టి మొదటి రోజే చెప్పేస్తాను: షుగరు పెరగొచ్చు, పెరిగితే నాకు ఫోన్ చెయ్యండి, డాక్టరు గారు షుగరు మందు మారుస్తారు, టీబీ మాత్రల జోలికి మాత్రం పోకండి. కొట్టాయనకు ఇన్సులిన్ పెట్టాల్సి వచ్చింది. ఇంజక్షన్ అంటే ఆఖరి దశ అనుకుని ఆయన రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. మోతాదు చూసి పొడవడం ఆయన కూతురికి ఏఎన్ఎం నేర్పింది.

ఆరు నెలలు పూర్తయి కళ్లె పరీక్ష నెగెటివ్ వచ్చాక కూడా షుగరు ఉన్న ఇళ్లకు నేను వెళ్లడం ఆపను. రిఫాంపిసిన్ ఆగాక రెండు మూడు వారాల్లో కాలేయం పాత నడకకు వస్తుంది. అప్పటిదాకా సరిపోయిన ఇన్సులిన్ ఇప్పుడు ఎక్కువైపోతుంది. అర్ధరాత్రి చెమటలు పట్టి, వణికి, షుగరు పడిపోతుంది. జబ్బు తగ్గిందని అందరూ ఊపిరి పీల్చుకున్న సమయంలో ఇది జరుగుతుంది. కొట్టాయనకు ఆ మూడు వారాలూ రోజూ పొద్దున్నే షుగరు చూసి కాగితం మీద రాయమన్నాను. అంకెలు దిగుతుంటే ఆ కాగితం తీసుకెళ్లి డాక్టరు గారికి చూపించాను. ఆయన ఇన్సులిన్ సగానికి తగ్గించారు.

ఆ ఇంటావిడకు కూడా మొన్న షుగరు తేలింది. నన్ను గుమ్మంలో నిలదీసింది ఆవిడే. మొదట్లో ఎక్స్‌రేకి ఎంత పిలిచినా రాలేదు, ఇప్పుడు తనే ఎప్పుడు రమ్మంటారని అడుగుతోంది. ఛాతీలో ఏమీ లేదని తేలితే వారానికోసారి చొప్పున పన్నెండు వారాల నివారణ మందు ఇస్తాం. అందులో రిఫాపెంటిన్ ఉంటుంది, అది కూడా రిఫాంపిసిన్ కుటుంబానిదే. అందుకని ఆవిడ వేసుకునే షుగరు మాత్రల పేర్లు ముందే రాసి డాక్టరు గారి బల్ల మీద పెట్టి వచ్చాను.