పందిరి మంచిదే, సంతకం ఎవరిది?



"ల్యాబులో అవయవాలు పెంచేస్తున్నారంట, నిజమేనా?" అని గ్రూపులో చాలామంది అడుగుతున్నారు. మా హాస్టల్లో సైన్సు చదివే మేం నలుగురం కూర్చుని తెలుసుకున్నది రాస్తున్నాం. పొడుగే, ఓపిక పట్టండి.

బీర తీగకు పందిరి ఎట్లనో, మన ఒంట్లో కణాలకూ ఒక పందిరి ఉంటది. కొలాజెన్ పోగులతో అల్లిన పందిరి. ఒక్కో పోగు వెంట్రుక మందంలో వందో వంతు కూడా ఉండదు. కణం దాన్ని పట్టుకునే పాకుతుంది, పెరుగుతుంది. అంత సన్నటి పోగుల్ని మనుషులు తయారుచేస్తే అవే నానోఫైబర్లు. చేసే పద్ధతి మాకు భలే నచ్చింది. పాలిమర్‌ను ద్రావకంలో కరిగించి సిరంజిలో పోస్తారు, సూదికి వేల వోల్టుల కరెంటు ఇస్తారు. సూది కొనన ఉన్న బొట్టు దారంలా సాగి, గాల్లోనే ఆరి, ఎదురుగా ఉన్న రేకు మీద దూదిలాగ పడుతుంది. దాని మీద కణాలు చల్లుతారు. పాలీకాప్రోలాక్టోన్ లాంటిదైతే మెల్లగా ఒంట్లోనే కరిగిపోతుంది, కొత్త కండ మిగలాలి. పల్చటి చర్మం వరకు ఆశ ఉంది. మందం పెరిగితేనే చిక్కు, లోపలి కణాలకు రక్తం అందదు. తీగ ఉంది, నీళ్లు లేవు.

2011లో స్టాక్‌హోమ్‌లోని కరోలిన్‌స్కా ఆసుపత్రిలో పావోలో మక్కియారినీ అనే సర్జన్, ప్లాస్టిక్ శ్వాసనాళానికి రోగి మూలుగ కణాలే పట్టించి లోపల అమర్చాడు. మొదటి రోగి ఐస్‌లాండ్‌లో చదువుకుంటున్న ఎరిత్రియా విద్యార్థి. చదువు కోసం ఇల్లు వదిలినవాడు, మనలాగే. రెండో రోగికి పెట్టింది నానోఫైబర్ గొట్టం. అక్కడ ఈ ఆపరేషన్ అయిన ముగ్గురూ చనిపోయారు. ముందు జంతువుల మీద సరైన పరీక్షే జరగలేదని తర్వాత తేలింది. 2023లో స్వీడన్ అప్పీలు కోర్టు ఆ సర్జన్‌కు రెండున్నరేళ్ల జైలు వేసింది.

పందిరి మీద మాకేం కోపం లేదు. కానీ స్వీడన్ సంగతి చదువుతుంటే ఖమ్మం గుర్తొచ్చింది. 2009లో ఉమ్మడి ఖమ్మం జిల్లాలో ఆడపిల్లలకు హెచ్‌పీవీ వ్యాక్సిన్ వేసిన అధ్యయనం పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటది. వ్యాక్సిన్ మంచిదా కాదా అన్నది వేరే మాట. అమ్మానాన్నలు పెట్టాల్సిన సంతకం 2 వేలకు పైగా ఫారాల మీద హాస్టల్ వార్డెన్లు పెట్టారని 2013లో పార్లమెంటు కమిటీ రాసింది. మా ఇళ్లల్లో ఫారం చదవగలిగిన మొదటివాళ్లం మేమే. అందుకే ఆ లైను దగ్గర చాలాసేపు ఆగిపోయాం.

నర్సింగ్, ఫార్మసీ చదివే అక్కలు, అన్నలు ఒక సాయం చెయ్యండి. ఏ ప్రయోగానికైనా ఒప్పుకునే ముందు ఏమేం అడగాలో తెలుగులో, కోయలో, లంబాడీలో ఒక్క పేజీ రాసి పెట్టండి. జిరాక్సులు మేం తీయిస్తాం.